పదో తరగతి పిల్లలతో 1947 మంత్రివర్గం వేయిస్తున్నా, ఎవరికి ఏ పాత్ర ఇవ్వాలి?

దేవరకొండ_సోషల్_టీచర్

అందరికీ నమస్కారం. దేవరకొండ దగ్గర ఒక సర్కారు హైస్కూల్లో సోషల్ చెప్తాను. నవంబర్ 26 రాజ్యాంగ దినోత్సవానికి ఏటా ఉపన్యాసం, వ్యాసరచన, చివర్లో బిస్కెట్ ప్యాకెట్లు, ఇంతే నడుస్తోంది. ఈసారి పిల్లలతో స్వతంత్ర భారత తొలి మంత్రివర్గాన్ని స్టేజీ మీద కూర్చోబెడదామని మొదలుపెట్టాను. 14 మంది మంత్రులు. ఒక్కొక్కరు ముందుకొచ్చి నేను ఫలానా, ఫలానా చోట పుట్టాను, ఇంతకుముందు ఈ పని చేశాను, ఇప్పుడు ఈ శాఖ చూస్తాను అని రెండు నిమిషాలు మాట్లాడి ప్రమాణం చేసి కూర్చోవాలి.

మొన్న బోర్డు మీద 14 పేర్లు రాశాను. నేను నోరు తెరవకముందే పిల్లలే పంచేశారు. మౌలానా ఆజాద్ అని చదవగానే క్లాసంతా ఒకే బెంచీ వైపు తిరిగింది, మా క్లాసులో ఉన్న ముస్లిం పిల్లలు ఆ బెంచీలోనే కూర్చుంటారు. జాన్ మత్తాయ్ అనగానే చర్చికి వెళ్లే అమ్మాయి పేరు అరిచారు. అంబేద్కర్ అనగానే కాలనీ పిల్లల్లో ఒకడిని లేపి నిలబెట్టారు. బల్దేవ్ సింగ్‌కు ఎవరూ దొరక్క, "పొడుగ్గా ఉన్నోడికి తలపాగా కడితే సరిపోతది టీచర్" అన్నారు. నెహ్రూకూ పటేల్‌కూ మాత్రం పోటీ పడ్డారు. ఐదు నిమిషాల్లో మంత్రివర్గం నిండిపోయింది, నేను సుద్దముక్క చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఏ పిల్లకీ చెడు ఉద్దేశం లేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

బెల్లు కొట్టాక ఆ బెంచీలో అమ్మాయి మెల్లగా వచ్చి, "టీచర్, నేను ఆరోగ్య మంత్రిని అయితా" అంది. వాళ్ల నానమ్మను బీబీనగర్ ఎయిమ్స్‌కు చూపించడానికి తీసుకుపోతుంటారట, ఎయిమ్స్ తెచ్చింది అమృత్ కౌర్ అని నేను క్లాసులో ఒకసారి చెప్పిన మాట గుర్తుపెట్టుకుంది. ఆమె వెనకే ఇంకొకడు వచ్చాడు, లంబాడా పిల్లాడు, "మా తండాల నుంచి ఎవరున్నరు టీచర్ ఇందులో?" అని అడిగాడు. రేపు చెప్తా అన్నాను. రాత్రి అదే బెంచీ అబ్బాయి వాళ్ల నాన్న ఫోన్ చేశాడు, ఆటో నడుపుకుంటాడు, చాలా మర్యాదగా మాట్లాడాడు. "ఆరో తరగతి నుంచి మావోనికి ఆజాద్ వేషమే ఇస్తున్నరు మేడం, ఒక్కసారి వేరేది ఇయ్యండి" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

రెండు సంగతులు అడుగుతున్నా. పాత్రలు మతాన్ని బట్టి, కులాన్ని బట్టి ఇస్తే తప్పా, ఒప్పా? అసలు ఈ 14 మంది వెనక కథలేంటి? గైడ్లలో పేరు, శాఖ తప్ప ఏమీ లేదు. వాళ్లు ఏ ఇంట్లో పుట్టారు, ఏం చేసి అక్కడిదాకా వచ్చారు, తెలిసినవాళ్లు రాయండి. నాకు మూడు వారాలే ఉంది.

పాలమూరు_వకీల్

మేడం, మంచి పని పెట్టుకున్నారు. నా దగ్గర ఉన్నదంతా రాస్తా, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు లెక్క చెప్తా. 14 మందిలో ఆరుగురు హిందువులు కారు. ఆజాద్, రఫీ అహ్మద్ కిద్వాయ్ ముస్లింలు, జాన్ మత్తాయ్, రాజకుమారి అమృత్ కౌర్ క్రైస్తవులు, బల్దేవ్ సింగ్ సిక్కు, సి.హెచ్.భాభా పార్సీ. అవును, అమృత్ కౌర్ క్రైస్తవురాలే. పేరులో కౌర్ ఉందని పోటీ పరీక్షలు రాసేవాళ్లు కూడా సిక్కు అని రాసి వస్తారు. ఆమె కపుర్తలా రాజకుటుంబం బిడ్డ, తండ్రి రాజా హర్నామ్ సింగ్ క్రైస్తవం తీసుకున్నారు. ఇంగ్లండ్‌లో చదివి వచ్చి, గాంధీ దగ్గర దాదాపు 16 ఏళ్లు కార్యదర్శిగా పనిచేశారు. రాజమహల్లో పుట్టిన మనిషి ఆశ్రమంలో ఉత్తరాలు రాస్తూ కూర్చుంది, 1942లో జైలుకు పోయింది. పదేళ్లు ఆరోగ్య మంత్రి. 1956లో ఎయిమ్స్ చట్టం తెచ్చింది ఆమే, సిమ్లాలో తన సొంత ఇంటిని కూడా ఎయిమ్స్‌కే ఇచ్చేసింది. మీ అమ్మాయి సరైన మనిషినే ఎంచుకుంది.

భాభా అనగానే పిల్లలు అణుశాస్త్రవేత్త హోమీ భాభా అనుకుంటారు. ఆయన వేరు, ఈయన వేరు. ఈ కూవర్జీ హోర్ముస్‌జీ భాభా బొంబాయి వ్యాపారి, వాణిజ్య మంత్రి.

జాన్ మత్తాయ్ కోళికోడ్‌లో పుట్టిన ఆర్థికవేత్త, మద్రాసులో ప్రొఫెసర్‌గా చేసి టాటాల దగ్గరికి పోయారు. 1944లో పెద్ద పారిశ్రామికవేత్తలు దేశ ఆర్థికాభివృద్ధికి తెచ్చిన బాంబే ప్లాన్ రాసినవాళ్లలో ఒకరు. ముందు రైల్వే, తర్వాత ఆర్థిక శాఖ. 1950లో ప్రణాళికా సంఘానికి ఇంత పెత్తనమెందుకు అని నెహ్రూతో పడక రాజీనామా ఇచ్చేశారు. 1955లో స్టేట్ బ్యాంక్ ఏర్పడితే మొదటి ఛైర్మన్ ఆయనే.

బల్దేవ్ సింగ్ వాళ్ల నాన్న జంషెడ్‌పూర్‌లో ఉక్కు వ్యాపారం చేసేవాడు. ఈయన 1942లోనే పంజాబ్‌లో మంత్రి, 1946లో సిక్కుల తరఫున బ్రిటిష్‌వాళ్లతో చర్చల్లో కూర్చున్నారు. తొలి రక్షణ మంత్రి.

ఇక పార్టీల సంగతి. కాంగ్రెస్ గెలిచిన పార్టీ, కానీ ఈ జాబితాలో ఐదారుగురు కాంగ్రెస్‌వాళ్లు కారు. అంబేద్కర్ కాంగ్రెస్‌ను జీవితమంతా విమర్శించినవాడు. శ్యామాప్రసాద్ ముఖర్జీ హిందూ మహాసభ మనిషి, 33 ఏళ్లకే కలకత్తా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్. షణ్ముఖం చెట్టి కోయంబత్తూరు నుంచి, జస్టిస్ పార్టీ. మొదటి బడ్జెట్ ఆయనే పెట్టారు, తారీఖు చూడండి, 1947 నవంబర్ 26. మీ ఫంక్షన్ రోజే. ఆ పాత్ర వేసే పిల్లకు ఈ ముక్క తప్పకుండా ఇవ్వండి.

ఒక జాగ్రత్త. అంబేద్కర్ పాత్ర వేసేవాళ్లతో "నేను బౌద్ధుణ్ని" అనిపించకండి. ఆయన నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించింది 1956 అక్టోబర్‌లో, మంత్రి పదవి వదిలింది 1951లో.

పాత్రల విషయానికొస్తే నా మాట సూటిగా చెప్తా. మతాన్ని పక్కనపెట్టి ఇచ్చేయండి. అప్పుడు మతం చూడకుండా పనితనం చూసి ఎంచుకున్నారు, మనమూ అలాగే చేద్దాం.

గడియారం_సెంటర్_నల్లగొండ

14 కాదు, 15 అని మా కోచింగ్ నోట్స్‌లో ఉంది. నియోగి పేరు కూడా రాయించారు. ఏది కరెక్ట్?

పాలమూరు_వకీల్

1947 ఆగస్టు 15న ప్రమాణం చేసినవాళ్లు 14 మంది, నెహ్రూతో కలిపి. కె.సి.నియోగి కాందిశీకుల పునరావాసం చూడటానికి కొన్ని వారాల తర్వాత చేరారు. మేడం ప్రమాణ స్వీకారం వేయిస్తున్నారు కాబట్టి 14 సరిపోతుంది.

జడ్చర్ల_చాయ్

మేడం, ఆ ఆటో నడిపే అన్న ఫోన్ గురించి చదివి ఆగలేక రాస్తున్నా. నేనూ ఆ వేషం వేసినోణ్నే. ఏడులో ఒకసారి, తొమ్మిదిలో ఒకసారి. దూది అతికించిన గడ్డం, అట్టతో చేసిన టోపీ, ఒకటే డైలాగు, హిందూ ముస్లిం భాయీ భాయీ అని. అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు. నాకు ఆజాద్ అంటే ఆ దూది గడ్డమే అని పెద్దయ్యేదాకా అనుకున్నా.

తర్వాత చదువుకుంటే తెలిసింది, ఆయన పుట్టింది మక్కాలో, 1888లో. పెరిగింది కలకత్తాలో. బడికి పోలేదు, ఇంట్లోనే తండ్రి, ఉస్తాదులు చెప్పారు. 1912లో, అంటే మన దగ్గర పిల్లలు డిగ్రీ అయిపోయి ఉద్యోగాలు వెతుక్కునే వయసులో, అల్ హిలాల్ అని ఉర్దూ పత్రిక పెట్టాడు, బ్రిటిష్‌వాళ్లు భయపడి రెండేళ్లలో మూయించారు. 35 నిండకముందే కాంగ్రెస్ అధ్యక్షుడు. పదకొండేళ్లు విద్యా మంత్రి, 1958లో చనిపోయేదాకా. యూజీసీ, ఖరగ్‌పూర్ ఐఐటీ, సాహిత్య అకాడమీ ఆయన హయాంలోవే. ఇదంతా చెప్పకుండా భాయీ భాయీ ఒక్కటే చెప్పించారు మాతో. బడికి పోని మనిషి దేశానికి మొదటి చదువుల మంత్రి అయ్యాడు అని చెప్తే నేను ఆ వేషం సంతోషంగా వేసేవాణ్ని.

వకీల్ సాబ్, మీరు రాసిందంతా బాగుంది కానీ చివరి మాట దగ్గర నేను ఒప్పుకోను. మతం చూడకుండా ఎంచారు అనడం నిజం కాదు. చూసే ఎంచారు. 1947 ఆగస్టు అంటే పంజాబ్ తగలబడుతోంది, రైళ్లలో శవాలు వస్తున్నాయి, ఇక్కడ మిగిలిన ముస్లిం ఇంట్లో మనిషికి రేపు ఈ ఊళ్లో ఉంటానా అని టెన్షన్. ఆ రోజు ఆ కుర్చీలో ఆజాద్ ఉండటం, కిద్వాయ్ ఉండటం అందరికీ కనపడాలి, అందుకే ఉన్నారు. ఆ అక్టోబర్‌లో ఢిల్లీ జామా మసీదు మెట్ల మీద నిలబడి, పోకండి, ఇది మన దేశమే అని ఆజాద్ చెప్పాడు. ఆ మాట వేరే మంత్రి ఎవరు చెప్పినా అలా దిగేది కాదు.

కిద్వాయ్ సంగతి ఇంకా చెప్పాలి. బారాబంకీ దగ్గర మసౌలీ అనే పల్లె, అలీగఢ్‌లో చదువు, మోతీలాల్ నెహ్రూ దగ్గర సెక్రటరీ. తపాలా, టెలిఫోన్ల మంత్రి అయ్యాక రాత్రిపూట విమానాల్లో ఉత్తరాలు పంపించడం మొదలుపెట్టించాడు. 1952లో ఆహార శాఖ ఇస్తే ధాన్యం మీద కంట్రోళ్లు ఎత్తేశాడు, ఆ కంట్రోళ్ల కష్టం మన తాతలకు బాగా తెలుసు. కానీ నన్ను పట్టుకున్నది ఇది. మంత్రి అయిన ఆ ఏడే ఆయన తోడబుట్టినవాడు షఫీ అహ్మద్ కిద్వాయ్‌ని ముస్సోరీలో అల్లర్లలో చంపేశారు. చనిపోయినాయన భార్య అనీస్ కిద్వాయ్ ఏడుస్తూ ఇంట్లో కూర్చోకుండా ఢిల్లీ కాందిశీకుల శిబిరాలకు పోయి పనిచేసింది. కిద్వాయ్ మంత్రి కుర్చీ వదల్లేదు, దేశమూ వదల్లేదు. అట్లాంటి మనిషి పేరు మన పిల్లలకు ఒక్క మార్కు బిట్టుగా కూడా తెలియదు.

ఇంకో మాట. అప్పుడు వాళ్లకు ఇచ్చిన శాఖలు చూడండి. సిక్కు మనిషికి మొత్తం సైన్యం, క్రైస్తవుడికి రైళ్లన్నీ, ముస్లింకు అందరి పిల్లల చదువు. మైనారిటీ వ్యవహారాలు అని ఢిల్లీలో ప్రత్యేకంగా శాఖ పెట్టింది 2006లో. ఆ శాఖ అవసరమే, కాదనను, స్కాలర్‌షిప్ నేనూ తీసుకున్నా. కానీ ముస్లిం మంత్రి అంటే ఆ శాఖే అని జనం మనసులో పడిపోయింది చూడండి, మీ క్లాసులో పిల్లలు ఆ బెంచీ వైపు తిరిగినట్టే. మన రాష్ట్రంలో 2014లో మహమూద్ అలీ గారు ఉప ముఖ్యమంత్రిగా రెవెన్యూ చూశారు, 2018 తర్వాత హోం చూశారు. మా తహసీల్దార్ ఆఫీసులో గోడ మీద ఆయన ఫోటో చూసి మా నాయన కాసేపు అక్కడే నిలబడ్డాడు. 2023 డిసెంబర్‌లో ఏర్పడిన మంత్రివర్గంలో మొదట ముస్లిం ఎవరూ లేరు, 2025 అక్టోబర్ 31న అజహరుద్దీన్ ప్రమాణం చేశారు, ఆయనకు మైనారిటీ సంక్షేమం ఇచ్చారు. ఏ పార్టీనీ అనడం లేదు, పద్ధతి గురించి చెప్తున్నా.

కాబట్టి మేడం, మతం దాచకండి, ప్రతి పిల్లా తన పాత్ర మతం కూడా స్టేజీ మీద చెప్పాలి. కానీ ఆ పాత్ర ఎవరు వేయాలనేది మాత్రం పిల్లల మతాన్ని బట్టి ఉండొద్దు. ఆ అన్న అడిగింది న్యాయం.

పాలమూరు_వకీల్

భాయ్, మీరు చెప్పింది నిజమే, నా మాట వెనక్కి తీసుకుంటున్నా. చూశారు, కానీ చూసి అక్కడితో ఆపలేదు అనాలి. షఫీ కిద్వాయ్ గురించి నాకు తెలియదు, ఇప్పుడే చదివాను. థాంక్స్.

మీరు కదిపారు కాబట్టి ఇంకొకటి చెప్తా. 1946 మధ్యంతర ప్రభుత్వంలోకి ముస్లిం లీగ్ వచ్చినప్పుడు తన కోటాలో ఒక దళితుణ్ని పంపింది, బెంగాల్‌కు చెందిన జోగేంద్రనాథ్ మండల్. దేశం విడిపోయాక ఆయన పాకిస్తాన్ తొలి న్యాయ మంత్రి అయ్యాడు. అంటే 1947లో రెండు దేశాల తొలి న్యాయ మంత్రులూ దళితులే. ఇక్కడి ఆయన రాజ్యాంగం పూర్తిచేశాడు. అక్కడి ఆయన మూడేళ్లకే, 1950లో, మా వాళ్లకు ఇక్కడ రక్షణ లేదని రాజీనామా రాసి కలకత్తా వచ్చేశాడు. కుర్చీ ఇవ్వడంతో అంతా అయిపోదు అనడానికి ఇంతకన్నా ఏం కావాలి.

దామరచర్ల_తండా

టీచర్ గారూ, ఆ తండా పిల్లాడి ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు, అందుకే రాస్తున్నా. ఆ 14 మందిలో గిరిజనులు ఒక్కరు కూడా లేరు. ఇది వాడికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. రేపు చెప్తా అన్నారు కదా, దయచేసి ఆ రేపు మర్చిపోకండి. నేను చిన్నప్పుడు ఇలాంటిదే అడిగితే మా సారు "ఉండే ఉంటారులే కూర్చో" అన్నారు, ఆ "లే" ఇంకా గుర్తుంది.

మంత్రివర్గంలో లేరు కానీ రాజ్యాంగ సభలో ఉన్నారు. జైపాల్ సింగ్ ముండా. ఇప్పటి జార్ఖండ్ ప్రాంతం ఆదివాసీ, ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టు కెప్టెన్, మొదటి బంగారు పతకం ఆ జట్టుదే. 1946 డిసెంబర్‌లో సభలో లేచి, మీరు మాకు ప్రజాస్వామ్యం నేర్పక్కర్లేదు, అది మా దగ్గర ఎప్పటినుంచో ఉంది అనే అర్థంలో మాట్లాడాడు. వాణ్ని మంత్రిగా కాకుండా జైపాల్ సింగ్‌గా ముందు వరుసలో కూర్చోబెట్టి, ప్రమాణాలన్నీ అయ్యాక ఈ మంత్రివర్గంలో మావాళ్లు ఎవరున్నారు అని లేచి అడగనివ్వండి. అది అప్పుడు అలా జరిగిందని చెప్పొద్దు, ఇది మా నాటికలో మేం కలిపిన ప్రశ్న అని ముందే చెప్పేయండి.

రాజ్యాంగంలోనే ఒక సంగతి ఉంది, 164వ అధికరణ. గిరిజన సంక్షేమానికి మంత్రి తప్పనిసరిగా ఉండాలని అందులో కొన్ని రాష్ట్రాల పేర్లు రాశారు, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, మధ్యప్రదేశ్, ఒడిశా. మన రాష్ట్రం పేరు అందులో లేదు. ఇక్కడ లంబాడాలను ఎస్టీల్లో చేర్చింది కూడా 1976 చట్టంతోనే. మా తాత ఏ జాబితాలోనూ లేకుండానే బతికి పోయాడు. ఈ రోజు సీతక్క గారు పంచాయతీరాజ్ చూస్తున్నారు, అడవిలో తుపాకీ పట్టిన మనిషి లా చదివి, పీహెచ్‌డీ చేసి అక్కడికి వచ్చింది. మా అమ్మాయికి ఆమె ఫోటో చూపిస్తా.

కోదాడ_బైపాస్

పెద్దవాణ్ని, టైపింగ్ నెమ్మది, తప్పులుంటే క్షమించండి.

బల్దేవ్ సింగ్ అంటే మీ పిల్లలకు ఎక్కడో పంజాబ్ మనిషి అనిపిస్తుంది కదా. 1948 సెప్టెంబర్ 13న మన దేశ సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చినప్పుడు రక్షణ మంత్రి ఆయనే. విజయవాడ వైపు నుంచి వచ్చిన దళం మా కోదాడ, మునగాల మీదుగానే సూర్యాపేట వైపు పోయింది. మా అమ్మ అప్పుడు పదేళ్ల పిల్ల, జొన్నచేనులో దాక్కుని చూసిందట, లారీల మీద తలపాగాలు కట్టుకున్న సిపాయిలు, ఒకడు చెయ్యి ఊపాడు అని చివరిదాకా చెప్పేది. ఆ పొడుగు పిల్లాడితో ఈ మాట చెప్పించండి, మన జిల్లా జనం ముందు.

కొందరు నిజాం రోజుల్లో కూడా హిందూ దివాన్లు ఉండేవాళ్లు, మహారాజా కిషన్ పర్షాద్ లేడా అంటారు. ఉన్నాడు. రెండుసార్లు ప్రధానిగా చేశాడు, షాద్ అనే కలం పేరుతో ఉర్దూలో కవిత్వం కూడా రాశాడు. గోల్కొండలో అక్కన్న మాదన్నలూ ఉన్నారు. కానీ వాళ్లను పెట్టిందీ తీసిందీ ఒక్క మనిషి ఇష్టం. మా ఊళ్లో వెట్టి చేసేవాడికి ప్రధాని ఏ మతమైనా వెట్టి వెట్టే. ఓటు వేసి తెచ్చుకున్న మంత్రివర్గం మన దగ్గర మొదటిసారి 1952లో వచ్చింది. ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు మీ పాలమూరు జిల్లావాడే వకీల్ గారూ, మీ లాగే వకీలు, పుణెలో చదివాడు, ఉర్దూ, ఫార్సీ బాగా వచ్చు. ఆయన మంత్రివర్గంలో మెహదీ నవాజ్ జంగ్ ఉన్నారు, హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి ఆయన పేరు మీదే ఉంది, తర్వాత గుజరాత్‌కు మొదటి గవర్నర్. మరాఠీవాళ్లు, కన్నడంవాళ్లు, తెలుగువాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చునేవారు. మా నల్లగొండ జిల్లా ఆ ఎన్నికల్లో కాంగ్రెస్ వైపు ఓటు వేయలేదు, కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి వైపు వేసింది, అది వేరే కథ. వచ్చే ఏడు ఈ మంత్రివర్గం వేయించండి టీచరమ్మా.

గడియారం_సెంటర్_నల్లగొండ

ప్రమాణం ఏ మాటలతో చేయిస్తారు మేడం? దైవసాక్షిగా అంటారు కదా, ఒక్కొక్కరి దేవుడు వేరు కదా?

పాలమూరు_వకీల్

అందులో ఏ దేవుడి పేరూ ఉండదు తమ్ముడూ. రాజ్యాంగం మూడో షెడ్యూల్‌లో రెండు దారులిచ్చారు, దేవుడి పేరు మీద ప్రమాణం చేయొచ్చు, లేదా దేవుడి ఊసు లేకుండా మనస్ఫూర్తిగా ధ్రువీకరిస్తున్నా అనొచ్చు. అసలు మాట తర్వాత వస్తుంది, భయం గానీ పక్షపాతం గానీ, రాగం గానీ ద్వేషం గానీ లేకుండా అందరికీ న్యాయం చేస్తానని. ఈ పాఠం 1950లో రాజ్యాంగంతో వచ్చింది, 1947లో వాళ్లు చదివింది ఇది కాదు. అయినా రాజ్యాంగ దినోత్సవం కాబట్టి ఇదే చదివించండి మేడం, ఒక్క వాక్యంలో ఆ తేడా చెప్పేస్తే చాలు. దేవుడా, మనస్సాక్షా అనేది పిల్లలనే ఎంచుకోనివ్వండి.

దేవరకొండ_సోషల్_టీచర్

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నా. పది రోజుల తర్వాత రాస్తున్నా, ఏం చేశానో చెప్తాను.

మీరు రాసినవన్నీ కలిపి 14 కాగితాలు రాశాను. వాటి మీద మనిషి పేరు లేదు, మతం లేదు, కులం లేదు. పుట్టిన చోటు, చిన్నప్పటి సంగతులు, చేసిన పనులు, ఇంతే. కాగితాలు బల్ల మీద పరిచి ఎవరికి నచ్చింది వాళ్లను తీసుకోమన్నాను. తీసుకున్నాక పేరు, మతం నేను చెప్పాను, జడ్చర్ల అన్న చెప్పినట్టు అవి స్టేజీ మీద కూడా చెప్పాలని కూడా చెప్పాను.

ఆరోగ్య మంత్రి కాగితం మా అమ్మాయి కోసం ముందే పక్కన పెట్టేశాను, అందులో మాత్రం పక్షపాతం చూపించా. అంబేద్కర్ అని లేపి నిలబెట్టారే, ఆ అబ్బాయి లెక్కల్లో ఫస్టు, బడ్జెట్ కాగితం చూసి ఎగిరి పట్టుకున్నాడు, షణ్ముఖం చెట్టి అయ్యాడు. చర్చికి వెళ్లే అమ్మాయి వాళ్ల మేనమామ మిలిటరీలో ఉన్నాడట, రక్షణ శాఖ తీసుకుంది, తలపాగా కట్టుకుంటానంటోంది. బడికి పోకుండా పత్రిక పెట్టినాయన కాగితం కోసం ముగ్గురు కొట్లాడుకున్నారు, చివరికి వ్యవసాయం ఇంటి పిల్లాడికి దక్కింది, బడికి పోకుండా మంత్రి కావచ్చా అని వాడి సంతోషం, దాని గురించి వేరే క్లాసు తీసుకోవాల్సి వచ్చింది.

ఆటో అన్న కొడుకు ఏం తీసుకున్నాడో చెప్పాలి. రాత్రి విమానంలో ఉత్తరాలు పంపినాయన కాగితం. వాళ్ల బాబాయికి సెల్ ఫోన్ రిపేర్ షాపు ఉంది, టెలిఫోన్ల మంత్రి అని ఉంటే నచ్చిందట. పేరు రఫీ అహ్మద్ కిద్వాయ్ అని నేను చెప్పగానే క్లాసంతా గొల్లుమంది. వాడూ నవ్వాడు. మార్చుకుంటావా అంటే వద్దన్నాడు. సాయంత్రం వాళ్ల నాన్నకు నేనే ఫోన్ చేసి ఇట్లా జరిగిందని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "వాడే తీసుకున్నడా మేడం?" అని రెండుసార్లు అడిగాడు. వాడే అన్నాను. షఫీ కిద్వాయ్ సంగతి కూడా చెప్పాను. ఫంక్షన్‌కు వస్తా అన్నాడు.

తండా పిల్లాడికి మర్నాడే చెప్పాను, లేరు నాయనా అని. వాడు పెద్దగా బాధపడినట్టు కనపడలేదు, జైపాల్ సింగ్ హాకీ సంగతి విన్నాక మాత్రం కళ్లు పెద్దవి చేశాడు. స్టేజీ మీదికి హాకీ కర్ర పట్టుకొస్తానంటున్నాడు, రాజ్యాంగ సభకు కర్ర ఎందుకురా అంటే ఒప్పుకోవడం లేదు. ప్రశ్న వాడే రాసుకున్నాడు, లంబాడీలో ఒకసారి, తెలుగులో ఒకసారి అడుగుతాడట. దానికి నెహ్రూ పాత్ర వేసే అమ్మాయి ఏం జవాబు చెప్పాలో మాకెవరికీ తోచలేదు. ఇంకా రాస్తున్నాం.

రెండు సాయాలు కావాలి. సి.హెచ్.భాభా ఫోటో సరిగ్గా ఎక్కడా దొరకడం లేదు, వెతికితే హోమీ భాభానే వస్తున్నాడు, ఎవరి దగ్గరైనా పాత పుస్తకంలో ఉంటే పంపండి. రెండోది, సిక్కు తలపాగా కట్టడం వచ్చినవాళ్లు నల్లగొండలో గానీ మిర్యాలగూడలో గానీ ఎవరైనా ఉంటే చెప్పండి, నేనే వచ్చి నేర్చుకుంటాను. వీడియో చూసి నాలుగు సార్లు కట్టాను, అమ్మాయి తల తిప్పగానే ఊడిపోతోంది.